చెరువు చేప - పల్లె జీవిక

మన గ్రామాల ఆర్థిక జీవనాన్ని గురించి ప్రస్తావన వచ్చినప్పుడు మొదట మన మనస్సులో మెదిలేది నాగలి. తరువాత పాడిపశువు, ఆ తరువాత చేనేత మగ్గం. వల అంత త్వరగా స్ఫురణకు రాదు. చేప అనగానే మనకు సముద్రమూ, విశాఖపట్టణమూ, కాకినాడా గుర్తుకు వస్తాయే గాని, మన ఊరి పొలిమేరలోనే ఉన్న చెరువు గుర్తుకు రాదు. చెరువును మనం పొలానికి నీరిచ్చే సాధనంగానే చూడటానికి అలవాటుపడ్డాము. కాని ఆ చెరువు గట్టునే, సెంటు భూమి కూడా లేకుండా, ఆ నీటినే పొలంగా చేసుకొని తరతరాలుగా బ్రతుకుతున్న కుటుంబాలు వేలకొలది ఉన్నవి.

నదులు, వాగులు, చెరువులు, కుంటలు, జలాశయాలు, సరస్సులు - వీటిలో చేపలు పట్టడాన్నీ పెంచడాన్నీ కలిపి అంతర్దేశీయ మత్స్య పరిశ్రమ అంటారు. దీని ప్రాముఖ్యాన్ని రెండు అంకెలతో గ్రహించవచ్చు. 1950-51లో మన దేశంలో లభించిన చేపలు మొత్తం సుమారు 7.5 లక్షల టన్నులు. అందులో అంతర్దేశీయ జలాల పాలు 2.2 లక్షల టన్నులకు మించలేదు. అనగా మూడవ వంతు కూడా లేదు. 2022-23 నాటికి మొత్తం ఉత్పత్తి 175 లక్షల టన్నులకు చేరగా, అందులో 131 లక్షల టన్నులు, అనగా సుమారు నాలుగింట మూడు వంతులు, అంతర్దేశీయ జలాల నుండియే వచ్చినది. తీరప్రాంతపు రొయ్యల చెరువుల దిగుబడి కూడా ఈ లెక్కలోనే చేరి ఉన్నదన్న మాట నిజమే. అయినను సముద్రం అగ్రస్థానాన్ని చెరువుకు అప్పగించినదనుటలో సందేహం లేదు. ఈ రంగంలో దేశంలోని రాష్ట్రాలన్నింటిలో ఆంధ్రప్రదేశ్‌ది ప్రథమ స్థానం.

ఉత్పత్తి పెరిగినది. ఇది సంతోషించదగిన విషయం. అయితే అర్థశాస్త్రం చదివేవారు ఇక్కడితో ఆగరాదు. పెరిగిన ఈ సంపదలో చెరువు గట్టున వల పట్టుకొని నిలబడినవానికి దక్కినదెంత? గ్రామంలో నిలిచినదెంత, గ్రామం దాటి పోయినదెంత? ఈ వ్యాసంలో ముఖ్యంగా పరిశీలించదలచినది ఈ ప్రశ్ననే.

మన చెరువులు - ఒక వారసత్వం

తెలుగుదేశంలో, ప్రత్యేకించి తెలంగాణలో, చెరువుల నిర్మాణం శతాబ్దాల చరిత్ర కలిగినది. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం వంటి మహా తటాకాలు వెలసినవి. కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో, ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో హుస్సేన్‌సాగర్, ఇబ్రహీంపట్నం చెరువు నిర్మాణమైనవి. 1908లో మూసీనది వరదలు హైదరాబాదు నగరాన్ని ముంచెత్తిన తరువాత ఆసఫ్‌జాహీ ప్రభుత్వం ఉస్మాన్‌సాగర్‌ను, హిమాయత్‌సాగర్‌ను కట్టించినది. మంజీరా నదిపై 1931లో నిజాంసాగర్ పూర్తి అయినది. ఆ కాలపు ప్రఖ్యాత ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు ఈ నిర్మాణాలతో ముడిపడి ఉన్నది. నేడు తెలంగాణలో చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 46 వేల చెరువులు, కుంటలు ఉన్నట్లు లెక్క.

ఈ చెరువులను నిర్మించిన రాజులూ నవాబులూ ప్రధానంగా పంటనూ త్రాగునీటినీ దృష్టిలో ఉంచుకొన్నవారే. కాని నీరు నిలిచిన చోట చేప చేరినది. చేప చేరిన చోట మత్స్యకారుడు చేరినాడు. గంగపుత్రులు, బెస్తలు, ముదిరాజులు మొదలైన వర్గాలవారు ఈ నీటి మీద తమ వృత్తిని నిర్మించుకొన్నారు. వల అల్లడం, పుట్టి వేయడం, నీటి రంగును చూచి చేప జాడను పసిగట్టడం వారికి తండ్రుల నుండి సంక్రమించిన విద్యలు. ఆయకట్టు రైతుకు చెరువు ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే గుర్తుకు వస్తుంది. వీరికి ఏడాది పొడుగునా చెరువే ధ్యాస.

శాస్త్రం తెచ్చిన మార్పు

పూర్వం చెరువులో చేప దైవాధీనం. వానాకాలంలో వాగు నీటితోపాటు కొట్టుకొని వచ్చిన పిల్లలే పెరిగి పెద్దవై వలకు చిక్కేవి. దీనికి ఒక ప్రాకృతిక కారణం ఉన్నది. మనం ఎక్కువగా తినే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు నిలువ నీటిలో పెరుగుతాయి గాని, అక్కడ సహజంగా గుడ్లు పెట్టవు. వాటికి వరద పోటుతో ప్రవహించే నది కావాలి. అందుచేత చెరువులో వేయడానికి పిల్లలు కావలసినవారు నదులలో వాటిని ఏరి తెచ్చుకోవలసి వచ్చేది. అలా తెచ్చిన పిల్లలలో ఏది మంచి జాతి, ఏది ఇతర చేపలను తినివేసే జాతి అని తేల్చుకోవడం కూడా కష్టమయ్యేది.

ఈ చిక్కుముడిని విప్పినది మన దేశ శాస్త్రజ్ఞులే. 1957 జులై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌదరి, ఆయన సహచరుడు డాక్టర్ కె. హెచ్. అలీకున్హి చేపల పీయూష గ్రంథి నుండి తీసిన రసాన్ని తల్లి చేపలకు సూదిమందుగా ఇచ్చి, నిలువ నీటిలోనే గుడ్లు పెట్టించగలిగినారు. నది చేసే పనిని ఒక చిన్న సూది చేసినదన్నమాట. దాని జ్ఞాపకార్థమే ఏటా జులై 10వ తేదీని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా పాటిస్తున్నారు. ఆ తరువాత చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలు వెలసినవి. కోరిన జాతి పిల్లలు, కోరినన్ని లభించసాగినవి.

రెండవ ముందడుగు మిశ్రమ పెంపకం. దీని సూత్రం సులభమైనది. బొచ్చె నీటి పైపొరలో తిరుగుతూ జంతు ప్లవకాలను, అనగా కంటికి ఆననంతటి సూక్ష్మజీవులను తింటుంది. శీలావతి మధ్య పొరలో మేస్తుంది. ఎర్రమోసు అడుగున చేరి కుళ్ళిన పదార్థాలను తింటుంది. గడ్డిచేప నీటిలోని కలుపును మేస్తుంది. కనుక ఒకే చెరువులో ఈ జాతులను తగిన పాళ్ళలో వేస్తే, ఒకదాని మేతకు మరొకటి పోటీ రాదు; చెరువులో ఏ పొరా వృథా పోదు. ఉమ్మడి కుటుంబంలో నలుగురన్నదమ్ములు నాలుగు పనులు పంచుకొన్నట్లుగా ఉంటుంది ఈ అమరిక. అదీగాక చేప శీతరక్త జీవి. తన శరీరాన్ని వెచ్చగా ఉంచుకోవడానికి గాని, నీటిలో తేలే తన బరువును మోయడానికి గాని అది ఎక్కువ శక్తిని వెచ్చించదు. తిన్న మేతలో అధిక భాగం మాంసంగా మారుతుంది. తక్కువ ఖర్చుతో మాంసకృత్తులు లభించడానికి ఇదే రహస్యం.

ఈ విజ్ఞానాన్ని గ్రామాలకు చేర్చడానికి 1973-74 నుండి మత్స్య రైతుల అభివృద్ధి సంస్థలు ఏర్పడినవి. 2006లో హైదరాబాదు కేంద్రంగా జాతీయ మత్స్య అభివృద్ధి మండలి నెలకొన్నది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరిట చెరువుల పూడికతీత ఆరంభమైనది. 2016-17 నుండి ప్రభుత్వం చేపపిల్లలను చెరువులలో ఉచితంగా వదిలే పథకాన్ని చేపట్టినది. ఏడాది పొడుగునా నీరుండే చెరువులకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలను, కొన్ని నెలలు మాత్రమే నీరుండే చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలను నిర్ణయించినారు. 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనను 20,050 కోట్ల రూపాయల అంచనాతో ప్రారంభించినది.

పల్లెకు చేప వలన కలిగే మేలు

గ్రామ ఆర్థిక వ్యవస్థలో చేపకు గల విశిష్టతను మూడు కోణాల నుండి చూడవచ్చు.

మొదటిది, భూమి లేనివానికి భూమి వంటిది కావడం. పంట పండించాలంటే పొలం కావాలి. పాడికి పశువూ, గడ్డీ కావాలి. చెరువులో చేప పెంచేవానికి సొంత ఆస్తి అక్కరలేదు. ఆ నీరు ప్రభుత్వానిదో పంచాయతీదో అయి ఉంటుంది. సహకార సంఘంగా ఏర్పడి, నిర్ణీత రుసుము చెల్లించి, చేపల మీది హక్కును పొందవచ్చు. మన గ్రామ వ్యవస్థలో భూమి లేని కుటుంబం ఒక ఉత్పత్తి సాధనం మీద అధికారం పొందగల మార్గాలు బహు కొద్ది. వాటిలో ఇది ఒకటి.

రెండవది, ఆదాయం వచ్చే వేళ. ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో వదిలిన పిల్లలు ఫిబ్రవరి నుండి మే వరకు, చెరువు నీరు తగ్గుతున్నకొద్దీ, పట్టుబడికి వస్తాయి. సరిగ్గా ఆ రోజులలోనే పొలం పనులు సన్నగిల్లి, కూలి దొరకక, కుటుంబాలు పట్టణాలకు వలస పోతుంటాయి. ఎండాకాలంలో చేతికి వచ్చే పది రూపాయలు వానాకాలంలో వచ్చే ఇరవై రూపాయల పని చేస్తాయి. పిల్లల పుస్తకాలకు, బడి రుసుములకు డబ్బు అవసరమయ్యే జూన్ మాసం ఆ వెంటనే వస్తుంది. చేపల పట్టుబడి సరిగా లేని సంవత్సరం మత్స్యకారుని కుమారుడు చదువు మానుకోవలసి రావడం ఊహించరాని విషయం కాదు. ఈ పుటలు చదివే విద్యార్థులలోనే అటువంటి కుటుంబాల నుండి వచ్చినవారు లేకపోలేదు.

మూడవది, పోషణ. చేపలో మంచి మాంసకృత్తులు ఉన్నవి. ముఖ్యంగా ఎముకతో సహా తినే చిన్న చేపలు సున్నపు ధాతువును సమృద్ధిగా ఇస్తాయి. పెద్ద చేప పట్టణానికి పోయినా పరకలు, జెల్లలు వంటి చిన్న చేపలు గ్రామంలోనే మిగిలి పేదల కంచంలోకి చేరుతాయి. ఎండబెట్టి దాచుకొంటే కూరగాయలు దొరకని దినాలలో ఆదుకొంటాయి. శాకాహార నియమం పాటించేవారిని మినహాయిస్తే, మన దేశంలో మత భేదం లేకుండా స్వీకరించే ఆహారం చేప. ఇస్లాం ధర్మశాస్త్రం చేపకు జబహ్ విధిని వర్తింపజేయలేదు. అందుచేత ఏ కులంవారు, ఏ మతంవారు పట్టి అమ్మినా ముస్లిం కుటుంబం సంకోచం లేకుండా కొంటుంది. మృగశిర కార్తె ప్రవేశించిన రోజున చేప తినడం మన ప్రాంతంలో అన్ని వర్గాలలోనూ కనిపించే ఆచారం. ఆ రోజు హైదరాబాదు చేపల అంగళ్ళలో కాలు మోపడానికి సందు ఉండదు.

పట్టుబడి పెరిగితే చాలునా?

ఇక మన అసలు ప్రశ్నకు వద్దాము. చేపపిల్లలు ఉచితంగా లభించినవి, చెరువుల పూడిక తీసినారు, దిగుబడి పెరిగినది. అయినా మత్స్యకారుని ఇంటి స్థితి అదే పాళ్ళలో మారలేదేమి?

దీనిని ఒక ఊహాజనితమైన లెక్కతో విశదపరచుకొందాము. ఒక గ్రామంలో 30 ఎకరాల చెరువు ఉన్నదనీ, సహకార సంఘంలో 30 మంది సభ్యులు ఉన్నారనీ అనుకొందాము. ఎకరానికి 200 కిలోల చొప్పున 6,000 కిలోల చేప పట్టుబడినది. రుసుము, వలల మరమ్మతు, కాపలా మొదలైన ఖర్చులన్నీ కలిసి 1,50,000 రూపాయలు. గట్టు మీదికి వచ్చిన దళారి కిలోకు 80 రూపాయలు కట్టినాడనుకొంటే రాబడి 4,80,000 రూపాయలు. ఖర్చులు పోగా మిగిలేది 3,30,000. సభ్యునికి 11,000 రూపాయల వంతు. అదే చేపను ఆ సంఘం కిలో 110 రూపాయలకు అమ్మగలిగితే రాబడి 6,60,000. ఖర్చు మారలేదు గనుక మిగులు 5,10,000. సభ్యునికి 17,000 రూపాయలు.

గమనించవలసిన విషయం ఇది. ధర పెరిగినది నూటికి 40 వంతుల కన్న తక్కువే. కాని సభ్యుని ఆదాయం సగానికి మించి పెరిగినది. చెరువులో ఒక్క చేప కూడా అదనంగా పెరగలేదు. ఒక్క పిల్లను కూడా అదనంగా వదలలేదు. మార్పు వచ్చినదల్లా గట్టుకూ అంగడికీ నడుమ ఉన్న దారిలో. మన పథకాలు చాలాకాలం నీటిలోని చేపను పెంచడం మీదనే దృష్టి నిలిపినవి. నీటి నుండి బయటికి వచ్చిన చేపకు ఏమవుతున్నదో పట్టించుకొన్నది తక్కువ.

దారిలో పోయే డబ్బు

ఆ ముప్పది రూపాయలు ఎక్కడ పోతున్నవి? కారణాలు ముఖ్యంగా నాలుగు.

మొదటి కారణం అప్పు. వల కొనడానికో, ఇంటిలో పెళ్ళికో, వైద్యానికో మత్స్యకారుడు వ్యాపారి వద్ద ముందుగా సొమ్ము తీసుకొంటాడు. వ్యాపారి వడ్డీ అడగకపోవచ్చు. 'నీ చేప నాకే పోయాలి' అంటాడు, అంతే. ధర నిర్ణయించేది అతడే, తూకం వేసేది అతడే. వడ్డీ అనే పేరు లేకపోయినా, ప్రతి కిలోలోనూ తగ్గిన ధర రూపంలో ఆ వడ్డీ వసూలవుతూనే ఉంటుంది. ఇజారా, కిస్తీ, దళారి - మన గ్రామాల బేరసారాలలో ఈ మాటలు అరబ్బీ, ఉర్దూల నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవే. ఈ మాటలు ఏ భాషకు చెందినవో తెలియని మత్స్యకారునికి కూడా వాటి బరువు మాత్రం బాగా తెలుసు. 2018-19 నుండి కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యాన్ని మత్స్యకారులకు కూడా వర్తింపజేసినారు. బ్యాంకు ఋణం సకాలంలో అందితే ఈ సంకెల కొంత సడలుతుంది.

రెండవ కారణం మంచుగడ్డ లేకపోవడం. ఏప్రిల్, మే మాసాల ఎండలో పట్టిన చేప కొద్ది గంటలలోనే చెడిపోతుంది. ధాన్యం రైతు ధర నచ్చకపోతే బస్తాలను ఇంట్లో నిలువ చేసుకోగలడు; చేప పట్టినవానికి ఆ అవకాశం లేదు. మధ్యాహ్నం దాటితే ఎంతకైనా ఇచ్చివేయక తప్పదు. కొనేవానికి ఈ సంగతి తెలుసు. అందుకే తొందరపడడు. ఎండాకాలంలో చేప ఎంత ఉంటే మంచు అంత కావాలని నిపుణుల సలహా. నాలుగైదు గ్రామాలకు ఒక మంచు కర్మాగారమూ, మంచు పెట్టెలూ ఉంటే బేరంలో మత్స్యకారుని గొంతు కొంత పైకి లేస్తుంది.

మూడవ కారణం అందరూ ఒకేసారి పట్టడం. చెరువులన్నీ ఒకే కాలంలో ఎండుతాయి గనుక చుట్టుప్రక్కల సంఘాలన్నీ ఒకే వారంలో వలలు దించుతాయి. అంగడిలో చేప కుప్పలు పడి ధర పడిపోతుంది. మే మాసంలో చవకగా అమ్మిన చేపకే జూన్ మొదటి వారం దాటి మృగశిర ప్రవేశించేసరికి మంచి గిరాకీ వస్తుంది. కాని అప్పటికి మన చెరువు అడుగు బీటలు వారి ఉంటుంది. నీరున్నప్పుడే పెరిగిన చేపలను విడతలు విడతలుగా పట్టుకొంటూ, చిన్నవాటిని పెరగనిస్తే ఈ నష్టాన్ని కొంత నివారించవచ్చు. ఇందుకు పెట్టుబడి కన్న సంఘంలో ఒద్దిక ముఖ్యం.

నాలుగవ కారణం స్త్రీల శ్రమను లెక్కలోకి తీసుకోకపోవడం. చేప పట్టేది పురుషుడు. గంపను నెత్తిన పెట్టుకొని నాలుగు ఊళ్ళు తిరిగి అమ్మేది, మిగిలినదానిని శుభ్రపరచి ఉప్పు వేసి ఎండబెట్టేది స్త్రీ. దళారి ప్రమేయం లేకుండా వినియోగదారుని చేతికి నేరుగా చేప అందుతున్నది ఆమె ద్వారానే. అయినా అనేక గ్రామాలలో సంఘ సభ్యత్వం పురుషుల పేరనే ఉన్నది. అమ్మకం తెలిసిన మనిషికి సంఘంలో మాట లేకపోతే, ఆ సంఘానికి అమ్మకం తెలియకపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

కొల్లేరు నేర్పిన పాఠం

ఉత్పత్తి పెరగడమూ, ఉత్పత్తిదారుడు బాగుపడడమూ ఒకటి కాదనడానికి కొల్లేరు సరస్సు చరిత్ర మంచి నిదర్శనం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరుల నీటిని స్వీకరించి ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి పంపే ఈ మంచినీటి సరస్సు అనేక లంక గ్రామాలకు జీవనాధారం. 1970ల దశకంలో ప్రభుత్వం ఇక్కడి పేదల సహకార సంఘాలకు చేపల చెరువుల నిమిత్తం భూములు కేటాయించినది. ఉద్దేశం ఉత్తమమైనదే. కాని చెరువు త్రవ్వడానికి, మేత కొనడానికి, లారీలలో మంచు నింపి కలకత్తా వరకు చేప పంపడానికి పెద్ద పెట్టుబడి కావలసి వచ్చినది. ఆ పెట్టుబడి సంఘాల వద్ద లేదు. కాలక్రమాన చాలా చెరువులు గుత్తల పేరిట ధనవంతుల చేతులలోకి పోయినవి. సంఘ సభ్యుడు తన చెరువులోనే కూలివాడైనాడు. సరస్సులో స్వేచ్ఛగా మావు వేసుకొని బ్రతికే వానికి గట్లు అడ్డువచ్చినవి.

చెరువుల గట్లు సరస్సు నీటి నడకకూ అడ్డుపడినవి. 1999లో ప్రభుత్వం కొల్లేరులో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినది. 2002లో అది రామ్సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందినది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించినది. ఆ చర్య సరస్సుకు అవసరమైనదే. కాని గుత్తదారుకు వేరొక చోట పెట్టుబడి పెట్టే శక్తి ఉన్నది. చెరువును నమ్ముకొన్న పేదకు ఆ శక్తి లేదు. దేశానికంతటికీ చేపలనందించిన ప్రాంతంలోనే పేద మత్స్యకారుడు రెండు విధాల నష్టపోయినాడు.

దీని నుండి గ్రహించవలసినదేమి? హక్కు కాగితం మీద ఉంటే చాలదు. ఆ హక్కును నిలుపుకోవడానికి కావలసిన పెట్టుబడి, అమ్మకపు సౌకర్యం వెంట ఉండాలి. లేనినాడు హక్కు తనంతట తానే చేతులు మారుతుంది.

నీటి తగవు

మరొక సమస్యను కూడా ప్రస్తావించక తప్పదు. చెరువు నీటికి యజమానులు ఇద్దరు. ఆయకట్టు రైతుకు పంట చివరి తడి కోసం తూము తెరవాలి. మత్స్యకారునికి చేప బ్రతకడానికి కొంత నీరు మిగలాలి. వానలు తక్కువైన ఏడు ఈ ఇద్దరి నడుమ ఘర్షణ తప్పదు. ఇద్దరిదీ న్యాయమే. తూము మట్టానికి దిగువన ఒక లోతైన గుంతను పూడిక తీసేటప్పుడే ఏర్పరిస్తే, రైతు తన నీరు తాను తీసుకొన్న తరువాత కూడా చేపకు ఆశ్రయం మిగులుతుంది. అలుగు పారేటప్పుడు చేపలు కొట్టుకొని పోకుండా అలుగు ముందు వలకంచె కట్టుకోవడం కూడా ఇటువంటి చిన్న జాగ్రత్తే. ఇవి ఊరివారు కలిసి కూర్చుంటే తీరే విషయాలు.

ఊరివారి చేతిలో లేనిది కాలుష్యం. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం చుట్టుప్రక్కల 1980ల నుండి వాగులూ చెరువులూ కలుషితమై, చేపలు తేలిపోయిన సంఘటనలు మనకు తెలిసినవే. పంట మునిగితే నష్టపరిహారం అడగడానికి రైతుకు పట్టా ఉన్నది. చేప చనిపోతే మత్స్యకారుడు ఏ కాగితం చూపగలడు? చెరువులో ఎన్ని పిల్లలను వదిలినారో, ఎంత పెరిగినవో సంఘం పుస్తకంలో వ్రాసి ఉంచితే అదే ఆధారం. దురదృష్టవశాత్తు ఆ పుస్తకాలు చాలా చోట్ల ఖాళీగా ఉంటాయి.

మన కర్తవ్యం

ఇంతవరకు చెప్పినదానిని బట్టి చేయవలసినవి స్పష్టమే. చేపపిల్లలతోపాటు మంచూ, తూకమూ సంఘాలకు అందాలి. దళారి ఇచ్చే బయానా సొమ్ముకు బదులు బ్యాంకు ఋణం సకాలంలో దొరకాలి. స్త్రీలకు సభ్యత్వం కావాలి. పూడికతీతలో చేపకు కూడా చోటు ఉంచాలి. అన్నిటికన్న ముఖ్యం, సంఘం లెక్కలు సక్రమంగా ఉండాలి.

ఈ చివరి పనిలో విద్యార్థులు చేయగలిగినది చాలా ఉన్నది. సహకార సంఘాలు దెబ్బతినడానికి ద్రోహం కన్న లెక్క తెలియకపోవడమే తరచు కారణమవుతుంది. లెక్క తెలియని చోట అనుమానం పుడుతుంది. అనుమానం పుట్టిన చోట సంఘం చీలుతుంది. చీలిన సంఘం గట్టు మీదికి దళారి తిరిగి వస్తాడు. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థి తన ఊరి సంఘానికి ఒక జమాఖర్చు పుస్తకం తెరచి ఇవ్వగలడు. జంతుశాస్త్రం చదివే విద్యార్థిని చెరువు నీటిని పరీక్షించి, ఏ జాతి పిల్లలను ఏ పాళ్ళలో వేయాలో వివరించగలదు. అర్థశాస్త్ర విద్యార్థులు ఒక వేసవి సెలవులలో గట్టు మీది ధరనూ, ఆ రోజే పట్టణపు అంగడిలోని ధరనూ పక్కపక్కన వ్రాసి తీసుకొని వస్తే, మన కళాశాలలో ఒక గోష్ఠికి సరిపడే విషయం లభిస్తుంది. కళాశాల నిర్వాహక సంఘంవారు జాతీయ సేవా పథకం శిబిరాలకు గ్రామాలను ఎంపిక చేసేటప్పుడు చెరువున్న గ్రామాన్ని ఒకదానిని ఎంచుకోవలసినదిగా ఈ సందర్భంగా మనవి.

మన పూర్వులు, కాకతీయులైనా కుతుబ్‌షాహీలైనా, చెరువు కట్టించేటప్పుడు నీరు ఊరిలో నిలవాలని కట్ట వేయించినారు. ఆ నీటిలో పండిన సంపద కూడా ఊరిలో నిలవడానికి వేయవలసిన కట్ట ఒకటి ఇంకా మిగిలి ఉన్నది. అది మట్టితో వేసేది కాదు. లెక్క తెలిసిన, ఒకరినొకరు నమ్మిన సంఘంతో వేసేది. వచ్చే ఏప్రిల్ మాసంలో ఊరికి పోయినప్పుడు ఒక ఉదయం చెరువు కట్ట మీదికి వెళ్ళండి. తూకం ఎవరు వేస్తున్నారో, ధర ఎవరు చెబుతున్నారో చూడండి. మన పని ఎక్కడ మొదలు కావాలో అక్కడే తెలుస్తుంది.